నర్సు విద్యలో మందుల పాఠము

ప్రతి వేసవిలోను, ప్లస్ టూ ఫలితములు వెలువడిన తరువాత, మన పూర్వవిద్యార్థినుల తల్లిదండ్రులు కొందరు పాఠశాలకు వచ్చి, పిల్లను నర్సు శిక్షణకు పంపవచ్చునా యని అడుగుచుందురు. ఖర్చును గూర్చియు, దూరమును గూర్చియు గల సందేహములను వారే ఎట్లో తీర్చుకొందురు. మూడవ సందేహమును మాత్రము గొంతు తగ్గించి చెప్పుదురు: "మా అమ్మాయి పదో తరగతి దాకా తెలుగులో చదివింది కదండీ. ఆ మందుల పేర్లన్నీ ఇంగ్లీషులోనాయె. దానికి నోరు తిరుగుతాయా?"

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. మన గంజాం ప్రాంతపు తెలుగు పిల్లలకు ఇంటిలో ఒక భాష, బజారులో ఒక భాష, పై చదువులో మరియొక భాష. ఇట్టి పిల్ల నర్సు విద్యాలయమున అడుగిడినంతనే వందలకొలది మందుల పేర్లు మీద పడినచో బెదరుట సహజము. అయినను ఆ బెదురు ఉండవలసిన చోట గాక వేరొక చోట నున్నదని నా అభిప్రాయము. ఈ పాఠమున మందుల పేర్లు సులభమైన భాగము. కష్టమైన భాగము, రోగి ప్రాణముతో ముడిపడిన భాగము లెక్క. లెక్కతోపాటు రోగిని కనిపెట్టి చూచుట. అవి రెండును తెలుగు పిల్లకు ఎంత దగ్గరో ఇంగ్లీషు పిల్లకును అంతే దగ్గర.

మన దేశమున నర్సు విద్యకు మూడు మెట్లు గలవు. ఏ.ఎన్.ఎం. అనునది రెండు సంవత్సరముల శిక్షణ, జి.ఎన్.ఎం. మూడు సంవత్సరములు, బి.ఎస్సీ. నర్సింగు నాలుగు సంవత్సరములు. మొదటి మెట్టువారు ఎక్కువగా గ్రామ ఆరోగ్య ఉపకేంద్రములలో పనిచేయుదురు. అమెరికాలో 'ప్రాక్టికల్ నర్సు' అను పేర సుమారు ఒక సంవత్సరపు శిక్షణ గలదు. టెక్సాస్, కాలిఫోర్నియా రాష్ట్రములలో ఆ పనివారినే 'వొకేషనల్ నర్సు' అందురు. పేరేదైనను మందుల పాఠము లేని నర్సు విద్య లేదు. దీనిని ఫార్మకాలజీ యందురు, మనము ఔషధశాస్త్రమనవచ్చును.

ఆ మాట గ్రీకు భాషలోని 'ఫార్మకాన్' నుండి పుట్టినది. ఆ భాషలో దానికి మందు అనియు, విషము అనియు రెండర్థములు గలవు. ఒకే మాటకు ఇట్టి విరుద్ధార్థము లెట్లు కలిగెనో తెలియుటకు మన చేలగట్ల మీది ఉమ్మెత్తను తలచుకొన్న చాలును. దాని కాయ తిన్నవానికి నోరెండిపోవును, కంటిపాప పెద్దదగును, గుండె వడివడిగా కొట్టుకొనును, పిచ్చిమాటలు వచ్చును; మితిమీరినచో ప్రాణము పోవును. ఈ లక్షణములను కలిగించు పదార్థములలో అట్రోపిన్ ఒకటి. ఆ అట్రోపిన్నే శుద్ధిచేసి, కొలిచి ఇచ్చినచో, పురుగుమందు త్రాగి ఆసుపత్రికి చేరిన మనిషిని బ్రతికించును. ఆర్గానోఫాస్ఫేటు జాతి పురుగుమందులు శరీరములోని ద్రవములను పొంగించును: నోట చొంగ కారును, ఊపిరితిత్తులలో తడి చేరును, గుండె మందగించును, కంటిపాప సూదిమొన యంత అగును. ఉమ్మెత్త చేయునది సరిగా దీనికి వ్యతిరేకము. అందుచే వైద్యుడు ఊపిరితిత్తులలోని తడి ఆరువరకు అట్రోపిన్‌ను మరల మరల ఇప్పించును. ఆ రాత్రియంతయు మంచము ప్రక్కన నిలిచి, నాడిని, ఊపిరిని, కంటిపాపను చూచి గంటగంటకు వ్రాయవలసినది నర్సు. మోతాదు తక్కువైనచో పురుగుమందు గెలుచును. ఎక్కువైనచో ఉమ్మెత్త గెలుచును.

ఇక పేర్ల సంగతి. ఒక్కొక్క మందునకు కనీసము రెండు పేర్లుండును. ఒకటి ఏ కంపెనీ తయారుచేసినను మారని సామాన్యనామము. రెండవది కంపెనీ తాను పెట్టుకొన్న వ్యాపారనామము. పారాసిటమాల్ అనునది మొదటి తెగ. క్రోసిన్, కాల్పాల్, డోలో అనునవి రెండవ తెగ. విద్యార్థిని ముందుగా నేర్వవలసినది సామాన్యనామమే. వ్యాపారనామములు వేలకొలది గలవు, అవి ఏటేట పుట్టుచు గిట్టుచు నుండును. సామాన్యనామములను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుండి జాబితాలుగా ప్రకటించుచున్నది. (పారాసిటమాల్‌ను అమెరికావారు అసిటమినోఫెన్ అందురు, ఇట్టి మొండి వ్యత్యాసములు కొన్ని మిగిలినవి.) ఆ జాబితాలలో మెచ్చదగిన ఏర్పాటొకటి యున్నది. ఒకే కుటుంబమునకు చెందిన మందుల పేర్ల చివర ఒకే తునుక వచ్చునట్లు పేరు పెట్టుదురు.

తెలుగు వ్యాకరణము చదివిన పిల్లకు ఇది క్రొత్త కాదు. 'కాడు' చేరినచో విలుకాడు, వేటకాడు, ఆటకాడు. 'అరి' చేరినచో నేర్పరి, సొగసరి. ముందరి మాట తెలియకున్నను చివరి తునుకను చూచి ఇది మనిషిని చెప్పు మాట యని గుర్తింతుము. మందులయందును అట్లే. 'ఓలాల్' అని ముగియు ప్రొప్రనొలాల్, అటెనొలాల్, మెటొప్రొలాల్ గుండె వేగమును తగ్గించునవి. కనుక ఇచ్చుటకు ముందు నాడి చూడవలెను. 'ప్రిల్' అని ముగియు ఎనలాప్రిల్, రామిప్రిల్ రక్తపుపోటును తగ్గించునవి. కొందరికి పొడిదగ్గు తెచ్చును. ఆ దగ్గునకు తాళలేనివారికి 'సార్టాన్' కుటుంబములోని లోసార్టాన్, టెల్మిసార్టాన్ వ్రాయుదురు. 'సిలిన్' అను తునుక చెవినబడినంతనే నర్సు అడుగవలసిన ప్రశ్న ఒకటి గలదు: ఇదివరలో ఈ మందు పడక దద్దురుగాని ఆయాసముగాని వచ్చినదా? ఈ రీతిని పది పదునైదు తునుకలు తెలిసినచో వంద మందులు పదిహేను కుటుంబములై కూర్చుండును. ఒక్కొక్క కుటుంబమునుండి ఒక్క మందును పూర్తిగా నేర్చి, తక్కినవానియందు భేదమును మాత్రము నేర్చినచో చాలును.

కాని తునుకను సగము విరిచి చదువరాదు. 'అజోల్' అని మాత్రమే గుర్తుంచుకొన్న పిల్ల మోసపోవును. ఒమెప్రజోల్ కడుపులోని ఆమ్లమును తగ్గించునది, ఫ్లుకొనజోల్ బూజుజాతి క్రిములను చంపునది, అల్బెండజోల్ కడుపులోని పురుగులను పోగొట్టునది. 'ప్రజోల్', 'కొనజోల్', 'బెండజోల్' అని పూర్తిగా పట్టుకొనవలెను.

ఇక్కడ తెలుగువారికి ప్రత్యేకముగ చెప్పవలసిన హెచ్చరిక యొకటి యున్నది. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ అని మనము వ్రాసినచో రెండింటి తోకలును ఒక్కటియే. ఇంగ్లీషున మొదటిదాని తోకలో 'వై' అను అక్షరమును, రెండవదాని తోకలో ఆ స్థానమున 'ఐ' అను అక్షరమును ఉండును. ఈ రెండు మందులను ఇచ్చిన సూక్ష్మజీవుల జాతులు వేరగుటచే ఆ భేదము వచ్చినది. అట్లే రక్తపుపోటునకు ఇచ్చు హైడ్రలజీన్, దురదకు ఇచ్చు హైడ్రాక్సిజీన్ అనునవి తొందరలో చదివినచో ఒక్కటిగానే కనబడును. ఇట్టి జంటపేర్లలో భేదించు భాగమును మాత్రము పెద్దయక్షరములతో ముద్రించు పద్ధతిని అనేక ఆసుపత్రులు అవలంబించినవి. ఆ మేలు ఇంగ్లీషు లిపియందే గలదు, మన లిపిలో పెద్దయక్షరములు చిన్నయక్షరములు లేవు. కావున మందు పేరును ఇంగ్లీషు అక్షరములతోనే వ్రాసి నేర్వవలెను. మందుల పేర్లనుగూడ తెనుగించవలెనను వాదము నాకు సమ్మతము కాదు. అయితే ఆ మందు చేయు పనిని మాత్రము తెలుగులో వ్రాసికొనవలెను. తన మాటలలో చెప్పలేని సంగతి కంఠస్థమైనను అర్థమైనట్లు కాదు.

ఇక లెక్క. మన ఉన్నత పాఠశాలలలో బాలికలకు వారమునకొకటి చొప్పున నీలపు రంగు మాత్ర ఇచ్చుచున్నారు గదా. అందు 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును ఉండును. సంఖ్యను మాత్రమే చూచినవారు ఫోలిక్ ఆమ్లమే ఎక్కువ యనుకొందురు. మిల్లీగ్రామునకు 1000 మైక్రోగ్రాములు. కనుక 500 మైక్రోగ్రాములనగా అర మిల్లీగ్రాము. ఈ రెండు కొలతలను తారుమారు చేసినచో మోతాదు వేయిరెట్లు పెరుగును, లేదా వేయవవంతునకు పడిపోవును. ఆరవ తరగతిలో విసుగుకొనుచు చేసిన మెట్రిక్ కొలతల లెక్కలు ఇక్కడ పనికివచ్చును.

మోతాదు లెక్కకు మూల సూత్రము ఒక్కటియే: కావలసిన దానిని చేతనున్న దానిచే భాగించి, చేతనున్నది ఎంత ద్రవములో నున్నదో దానిచే గుణింపవలెను. ఒక ఉదాహరణము. పండ్రెండు కిలోల బిడ్డకు జ్వరము. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసిటమాల్ ఇమ్మని వైద్యుడు వ్రాసెను. 12ను 15చే గుణించినచో 180 మిల్లీగ్రాములు. మన దేశమున ఈ మందు పిల్లల సీసాలలో రెండు బలములు గలవి దొరకును: ఒకదానిలో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు, మరియొకదానిలో 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు. మొదటి సీసా ఐనచో 180ని 120చే భాగించి 5చే గుణింపగా 7.5 మిల్లీలీటర్లు. రెండవ సీసా ఐనచో అదే లెక్కకు 3.6 మిల్లీలీటర్లు. గత నెల 7.5 మిల్లీలీటర్లు పోసిన జ్ఞాపకముతో తల్లి ఈ నెల బలమైన సీసానుండి అంతే పోసినదనుకొనుడు. బిడ్డకు 375 మిల్లీగ్రాములు చేరును. అనగా రెట్టింపునకు పైన. సీసా ఒకేవిధముగ నుండును, మందు తీపిగానే యుండును, బిడ్డయు మారాము చేయక త్రాగును. తప్పు ఎక్కడను కంటికి కనబడదు. (ఇది లెక్క నేర్చుటకు చెప్పిన ఉదాహరణము, ఇంటిలో వైద్యము చేసికొనుటకు గాదు.)

ఇన్సులిన్ విషయమున ఈ ప్రమాదము ఇంకను సూక్ష్మమైనది. మన దేశమున ఇన్సులిన్ సీసాలలో మిల్లీలీటరునకు 40 యూనిట్లు గలవియు, 100 యూనిట్లు గలవియు వాడుకలో నున్నవి. సూదిగొట్టములును రెండు రకములు. 40 యూనిట్లదానికి ఎర్రని మూత, 100 యూనిట్లదానికి నారింజ రంగు మూత. 100 యూనిట్ల సీసానుండి ఎర్రమూత గొట్టముతో '20' అను గీత వరకు తీసినచో లోనికి పోవునది 20 కాదు, 50 యూనిట్లు. 100ను 40చే భాగింపగా రెండున్నర. 20కి రెండున్నర రెట్లు 50. రోగికి చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడి, స్మృతి తప్పును. రక్తములో చక్కెర పడిపోయినదని గుర్తింపనిచో ఆ నిద్రనుండి లేవకపోవచ్చును. ఇన్ని చదువులు చదివిన మనుష్యులు రెండు కొలతలను ఒకే పనికి ఏల ఉంచుకొన్నారో నాకు బోధపడదు. ఉన్నంతకాలము నర్సు రెండింటిని చూచుకొనవలసినదే.

దశాంశపు చుక్కకును కట్టుబాటు గలదు. 5 అని వ్రాయవలసినచోట 5.0 అని వ్రాయరాదు. చుక్క మాసినచో 50 అగును. అర యైనచో .5 అని గాక 0.5 అని వ్రాయవలెను. ముందు సున్న లేక చుక్క మాసినచో 5 అగును. సెలైన్ చుక్కల లెక్కయు ఇట్టిదే. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటలలో ఎక్కవలెను. గొట్టము మిల్లీలీటరునకు 20 చుక్కలు విడుచునది. మొత్తము 10,000 చుక్కలు, 240 నిమిషములు. నిమిషమునకు సుమారు 42. ఇందులో ఏడవ తరగతి దాటిన గణితము ఏమియు లేదు. ఉన్న కష్టమెల్ల, రాత్రి మూడు గంటల వేళ, నిద్ర ముంచుకొని వచ్చుచుండగా, ముగ్గురు రోగులు ఒకేసారి పిలుచుచుండగా ఈ భాగహారమును తప్పులేక చేయుట.

మందు లోనికి పోయిన పిదప ఏమగునో తెలిసినచో మోతాదు వేళలకు కారణము తెలియును. మందు రక్తములో చేరుట, శరీరమంతట వ్యాపించుట, ముఖ్యముగా కాలేయమున మారిపోవుట, మూత్రపిండములు మొదలగు దారుల వెడలిపోవుట అని నాలుగు దశలు. ఇన్సులిన్‌ను మ్రింగినచో అన్నమువలె జీర్ణమైపోవును, అందుచే సూదితో నిత్తురు. గుండెనొప్పికి ఇచ్చు నైట్రోగ్లిసరిన్‌ను మ్రింగినచో కాలేయము దానిలో ఎక్కువ భాగమును దారిలోనే చెడగొట్టును. నాలుక క్రింద నుంచినచో అది కాలేయపు దారి తప్పించుకొని నేరుగా రక్తములో కలియును. శరీరములోని మందు సగమగుటకు పట్టు కాలమును అర్ధాయుష్షు అందురు. ఆరోగ్యవంతునియందు పారాసిటమాల్‌కు అది రెండు మూడు గంటలు. అందుచే దానిని రోజులో పలుమార్లు ఇచ్చుట. గుండెమందైన డిజాక్సిన్‌కు ఇంచుమించు ఒకటిన్నర రెండు రోజులు. కనుక దానిని సాధారణముగ రోజునకొకమారు ఇత్తురు. మూత్రపిండములు చెడిన ముసలివారియందు ఆ కాలము ఇంకను పెరిగి, మందు దినదినము పేరుకొనును.

డిజాక్సిన్ పేరు వచ్చినది గావున మరియొక మాట. అది డిజిటాలిస్ అను పూలమొక్కల జాతినుండి లభించునది. దాని ఆకు నీరుపట్టిన రోగికి ఎట్లు పనిచేయునో పరీక్షించి ఇంగ్లండులో విలియం విదరింగ్ అను వైద్యుడు 1785లో గ్రంథము వ్రాసెను. ఉపకారమునకును అపకారమునకును నడుమ ఈ మందునకు ఉన్నంత ఇరుకు సందు తక్కువ మందులకు ఉండును. అందుచే పెద్దవారికి దీనిని ఇచ్చుటకు ముందు నర్సు గుండెమీద స్టెతస్కోపు నుంచి పూర్తిగా ఒక నిమిషము లెక్కింపవలెను. అర నిమిషము లెక్కించి రెట్టింపరాదు. అరువదికి తక్కువైనచో మాత్రను ఆపి వైద్యునకు తెలుపవలెను. మార్ఫిన్ ఇచ్చుటకు ముందు ఊపిరిని లెక్కింపవలెను. రోగి సరియైనవాడా, మందు సరియైనదా, మోతాదు, ఇచ్చు దారి, వేళ సరియైనవా యను అయిదు ప్రశ్నలను విద్యార్థినులచే మొదటి నెలలోనే వల్లె వేయింతురు. వల్లె వేయుట సులభము. ప్రతి మాత్రకును, ప్రతి దినమును, పదేండ్ల అనుభవము వచ్చిన పిదపను అడుగుకొనుటే కష్టము.

ఇప్పుడు మన వాడొకడు ఈ పాఠ్యపుస్తకములో ఎన్నిచోట్ల నున్నాడో చూడుడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో అమెరికాకు పోయి, అక్కడనే 1948లో మరణించెను. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధక బృందము 1940వ దశకమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసినది. మీ నీలపు మాత్రలోని ఫోలిక్ ఆమ్లమే అది. ఆ ఆమ్లమును పోలి, దాని పనిని అడ్డగించు పదార్థములను గూడ ఆ ప్రయోగశాల తయారుచేసినది. వానిలో మెథొట్రెక్సేట్ ఒకటి. అది కాన్సరునకు వాడబడుచున్నది. చాల తక్కువ మోతాదులో కీళ్లవాతమునకును వాడబడుచున్నది.

నర్సు విద్యార్థినికి ఈ మందుకన్న మంచి పాఠము లేదని చెప్పవచ్చును. కీళ్లవాతమునకు మెథొట్రెక్సేట్‌ను వారమునకు ఒక్కమారే ఇత్తురు. తక్కిన మాత్రలన్నియు రోజూ వేసికొను అలవాటుచే రోగి దీనినిగూడ రోజూ మ్రింగినచో, లేక చీటిని ఎత్తివ్రాసినవారు 'వారము' అను మాటను విడిచినచో, నోరు పూయును, రక్తకణములు పడిపోవును, అంటురోగములు చుట్టుకొనును, ప్రాణము పోవును. ఈ తప్పు అనేక దేశములలో మరల మరల జరిగినది. అందుచే 'వారమునకొకసారి' యని మాత్రమే గాక ఏ వారమో, సోమవారమా బుధవారమా, పేరుపెట్టి వ్రాయింపవలెనని నేర్పుదురు. మాత్ర అదే, రోగము అదే, మోతాదును అదే. వేళ యొక్కటి తప్పినంతనే మందు విషమగుచున్నది.

సుబ్బారావు బృందము నుండి వచ్చిన మరియొక మందు మన ఊరివారికి బాగుగ పరిచయము. బోదకాలు మాత్రలని ఇంటింటికి తెచ్చి ఇచ్చునది డైఇథైల్ కార్బమజీన్. దానిని వయస్సునుబట్టి, రెండు మొదలు అయిదేండ్ల పిల్లలకు 100 మిల్లీగ్రాములు, ఆరు మొదలు పదునాలుగేండ్లవారికి 200, పదునైదు నిండినవారికి 300 చొప్పున, అల్బెండజోల్‌తో కలిపి ఇచ్చుచుందురు. రెండేండ్లలోపు పిల్లలకును, గర్భిణులకును, తీవ్రముగ జబ్బుపడినవారికిని ఇయ్యరు. మాత్ర మ్రింగిన రాత్రి కొందరికి జ్వరము, తలనొప్పి, దురద వచ్చును. "మాత్ర వికటించింది" అని వీధియంతయు గగ్గోలు పుట్టును. మరుసటి యేడు తలుపు తీయరు. నిజమునకు ఆ జ్వరము, రక్తములోని సన్నపురుగులు మందునకు చచ్చుచుండగా శరీరము వానిపై తిరుగబడుటచే వచ్చునది. పురుగులు లేనివారికి సాధారణముగ అది రాదు. కాబట్టి ఎవరికి జ్వరము వచ్చినదో వారికే మందు ఎక్కువ అవసరము. ఈ సంగతిని గడపలో కూర్చుండి అవ్వకు అర్థమగునట్లు చెప్పగలిగిన ఏ.ఎన్.ఎం. ఒక్కతె గోడమీది పది ప్రకటనలకు సమానము.

తెలుగులో చదివిన పిల్లకు గల బలము ఇక్కడ బయటపడును. మందుల పాఠములో సగము రోగికి చెప్పుటయే. క్షయకు ఆరు నెలల చికిత్స మొదలుపెట్టినప్పుడు రిఫాంపిసిన్ అను మందుచే మూత్రము నారింజ రంగున వచ్చును. ముందుగా చెప్పనిచో, నెత్తురు పోవుచున్నదని భయపడి రోగి మందు మానివేయును. మానినచో రోగము మందునకు లొంగనిదై తిరిగి రావచ్చును. ఇనుపమాత్ర మ్రింగిన గర్భిణికి మలము నల్లబడును. టీతో కలిపి మ్రింగినచో ఇనుము సరిగా ఒంటబట్టదు. "ఈ మందు వేడి చేస్తోందమ్మా" అని రోగి అనినచో నవ్వి ఊరకుండరాదు. ఆ మాట వెనుక నోటిపూత యుండవచ్చును, కడుపులో మంట యుండవచ్చును, మూత్రపు మంట యుండవచ్చును. ఏదియో అడిగి తెలిసికొని ఇంగ్లీషున చీటిలో వ్రాయగలిగినది రెండు భాషల పిల్ల; ఒడియాయు వచ్చినచో మన జిల్లాలో ఆమెకు సాటి లేదు.

చదువు పద్ధతిని గూర్చి కొంత చెప్పవలెను. ప్రశ్నోత్తరముల గైడు పుస్తకములను నేను మెచ్చను; అవి పరీక్ష గట్టెక్కించును గాని వార్డులో నోరు మూసికొనును. అట్టముక్కలు కోసి, మందునకొక ముక్క చొప్పున పెట్టుకొనుట మేలు. ఒక ప్రక్క సామాన్యనామము ఇంగ్లీషు అక్షరములలో. రెండవ ప్రక్క అది ఏ కుటుంబమో, ఏమి చేయునో, ఇచ్చుటకు ముందు ఏమి చూడవలెనో, ఇచ్చిన పిదప ఏ కీడునకు కాచుకొనవలెనో తెలుగులో. దినమునకు మూడు ముక్కలు చాలును. ఆ దినమున వార్డులో ఏ రోగికి ఏ మందు ఇచ్చుచున్నారో ఆ ముక్కనే ఆ రాత్రి వ్రాసినచో, ఆ మందు ఆ రోగి ముఖముతో కూడ జ్ఞాపకముండును. పైకి చదువవలెను, మందు పేరు కంటికే గాక చెవికిని నోటికిని అలవడవలెను. ఫోనులో వైద్యుడు చెప్పిన పేరును తిరిగి అక్షరక్రమముతో సహా చెప్పి, ఔనని అనిపించుకొనుట ఎవరికిని చిన్నతనము కాదు.

ఇప్పుడు తొమ్మిది, పది తరగతులలో నున్నవారు నర్సు విద్యాలయము వరకు వేచియుండ నక్కరలేదు. ప్లస్ టూలో ఇంగ్లీషు తప్పకుండ ఉండవలెను గనుక దానిని ఇప్పటినుండి అశ్రద్ధ చేయరాదు. భిన్నములు, దశాంశములు, అనుపాతము, మెట్రిక్ కొలతలు కాగితముమీద, యంత్రము లేక చేయుట అలవరచుకొనవలెను. ఇంటిలో నాయనమ్మగారు రోజూ వేసికొను మాత్రల పట్టీని, ఆమె అనుమతితో, ఒక ఆదివారము ఎదుట పెట్టుకొని చూడుడు. కంపెనీ పెట్టిన పేరేదో, సామాన్యనామమేదో విడదీయుడు. తోకనుబట్టి కుటుంబము తెలియునేమో చూడుడు. ఎన్ని మిల్లీగ్రాములో, ఏ నెలతో గడువు ముగియునో, ఎడమ అంచున ఎర్రనిగీత యున్నదో లేదో వ్రాసికొనుడు. ఆ గీత వైద్యుని చీటి లేక అమ్మరాని మందునకు గుర్తు. పట్టీని కత్తిరించి వాడునప్పుడు మొదట ఏ మూల కత్తిరించినచో గడువు తేదీ పోవునో కూడ గమనింపుడు. నాయనమ్మగారు ఆ మాత్రను దేనికి వేసికొనుచున్నానని అనుకొనుచున్నారో అడిగి, అదియు ప్రక్కన వ్రాయుడు.